పెద్దనాయన కరెంటు, చిన్నాయన కరెంటు

నన్ను కాపాడటానికి వచ్చిన మేనమామను నడిరోడ్డు మీద నిలువునా ముంచిన ఘనత నాది. అదీ సొంత చెల్లెలి పెళ్లి పనుల్లో, ఆయన పక్కనే నిలబడి, ఆయన బండి తాళంతోనే. చేసిన ఉపకారానికి ఇంత వెంటనే బదులు తీర్చుకున్నవాడు కడప జిల్లాలో ఇంకొకడు ఉంటే చెప్పండి, పోయి దండ వేసి వస్తాను.

ఓబులేసు మామ మా అమ్మకు తమ్ముడు. ప్రొద్దుటూరులో ఆయనకు ఒక పాత పెట్రోలు కారు ఉండేది. టాపు వెనక్కి మడిస్తే ఆకాశమంతా మనదే. బెంగళూరులో ఎవరో షోకిలా దూరప్రయాణాల కోసం కొనుక్కున్నది, చేతులు మారి మామ దగ్గరికి చేరింది. పొడవాటి ముక్కు, ఎర్ర రంగు, ఎండకు పెనంలా కాలే తోలు సీట్లు. మా ఇంట్లో ఏ పెళ్లి కుదిరినా పిలుపులకు పోయేది ఆ కారే. ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగు మీదుగా పులివెందుల దాకా పోయి రావాలి. చిన్నప్పుడు వెనక సీట్లో నేను, నా ఒళ్లో కుంకుమ భరిణె. వేడిగాలి ముఖాన కొడుతుంటే నోరు తెరిచి మింగేవాణ్ణి. పెట్రోలు వాసన, చెనిక్కాయ చేల వాసన ఆ గాలిలో కలిసి వచ్చేవి. ఇప్పటికీ పెట్రోలు బంకులో నిలబడితే నాకు ఎవరిదో పెళ్లి దగ్గర పడినట్టే ఉంటుంది.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. వేడి మీద ఇంజను ఆపితే, పూర్తిగా చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదు. అందుకని మామ ఏ చుట్టం ఇంటి ముందు నిలిపినా ఇంజను ఆపేవాడు కాదు. వాకిట్లో నిలబడే బొట్టు పెట్టి, పత్రిక ఇచ్చి, మజ్జిగ తాగి, "ఇంజను ఆపితే ఈడనే ఉండిపోవాల అక్కా, ఏమనుకోవద్దు" అని వచ్చేసేవాడు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. బండి జబ్బుకు మనిషేం చేస్తాడు?

ఇక మా వాళ్ల సంగతి చెప్పాలి. మా నాయనకు ఒక అన్న, ఒక తమ్ముడు. పెద్దనాయన జమ్మలమడుగులో, చిన్నాయన పులివెందులలో ఉంటారు. పొలం గట్టు మీద వేసిన ఒక బోరు విషయంలో ఇద్దరికీ చెడి, ఏండ్ల తరబడి మాటల్లేవు. ఏ పెళ్లికి పిలిచినా ఒకరికి జరిగిన మర్యాద రెండో వాళ్లు కొలత వేసేవాళ్లు. గోరంత తేడా వచ్చినా ఆ మనిషి రాడు. మా చెల్లెలు చూస్తే ఇద్దరి భుజాల మీదా పెరిగింది. "ఇద్దరూ రాకుంటే నేను పీటల మీద కూర్చోను" అని ముందే చెప్పేసింది. అది మాట అంటే వెనక్కి తీసుకునే పిల్ల కాదు.

అలాంటి సమయంలో నేను ఒక ఆవిష్కరణ చేసి ఉన్నాను. ప్రొద్దుటూరులో షెడ్డు పెట్టుకున్న నా స్నేహితుడు మహబూబ్ బాషాతో కలిసి, ఒక పాత ఓపెన్ జీపు ఇంజను పీకేసి, మోటారు పెట్టి, వెనక సీటు కింద బ్యాటరీలు పేర్చాను. టాపు ఇంకా కుట్టించలేదు. కుట్టించేదాకా ఆగేంత ఓపిక ఆ వయసులో ఉంటే నేను ఈ కథ రాసేవాణ్ణే కాదు.

"పిలుపులకు ఈసారి నేను పోతా మామా. పెట్రోలు బండ్ల కాలం అయిపోయింది" అన్నాను.

మామ జీపు చుట్టూ తిరిగి చూశాడు. "సద్దే లేదు కదరా దీనికి."

"అదే దీని గొప్ప."

"సద్దు లేకుంటే వాకిట్లో బండి కాచుకోనుందని ఎవురికి తెలుస్తాది అల్లుడా?"

"తెలిసి ఏం చేయాల మామా?"

మామ ఏదో చెప్పబోయి, బాషా వైపు చూసి ఆగిపోయాడు. "సరే. ఈ మూడూర్లు తిరిగి నీ అంతట నువ్వు ఇల్లు చేరితే, నా బండికి గుడ్డ కప్పేస్తా పో" అన్నాడు. ఆ రోజు ఆయన మింగేసిన మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

పిలుపుల రోజు ప్రొద్దుటూరులో వీధి వీధీ తిప్పాను. అడిగిన వాళ్లందరినీ ఎక్కించుకున్నాను, అడగని వాళ్లను పిలిచి మరీ ఎక్కించుకున్నాను. జమ్మలమడుగులో పెద్దనాయన ఇంటికి చేరేసరికి చార్జింగు ముల్లు సగానికి పైగా పడిపోయింది.

"పెద్దనాయనా, కొంచెంసేపు ప్లగ్గు పెట్టుకోవచ్చా?"

"ఇది నీ ఇల్లు కాదేందిరా?" అన్నాడాయన.

కొంచెంసేపు అంటే ఆ బండి భాషలో పూటంతా. పెద్దమ్మ సంగటి కెలికింది, నాటుకోడి కూర చేసింది. తిన్నాను. పడుకోమంటే పడుకున్నాను. నిద్ర లేచేసరికి పెద్దనాయన జీపులో కూర్చుని మనవడితో ఫోటో తీయించుకుంటున్నాడు. "పిలుపుకు వచ్చినోడు ఈ ఇంట్లో కూర్చుని ముద్ద తినింది ఇదే మొదలు. ఓబులేసు ఎప్పుడొచ్చినా ఇంజను ఆపలేనని పోతాడు" అని కళ్లు తుడుచుకున్నాడు. నాకూ గుండె నిండిపోయింది. చూశారా, పెట్రోలు బండి ఇన్నేండ్లు విడదీసిన బంధాన్ని నా బండి కలిపింది అనుకున్నాను. ఆ ఫోటో ఆయన ఫోను స్టేటస్‌లో పెట్టిన సంగతి మాత్రం నాకు తెలియదు.

పులివెందులలో తెలిసింది. చిన్నాయన గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, సంగటి బాగున్యాదా?"

"చిన్నాయనా, అది, చార్జింగు అయిపోయి..."

"ఆడ నిద్ర గూడా పోతివంట. ఈడ నిలబడి బొట్టు పెట్టి పోతావా?"

నిలబడలేదు. కూర్చున్నాను. చిన్నమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించింది, నెయ్యి పోసింది, మళ్లీ వడ్డించింది. కడుపులో నాటుకోడి ఎక్కడున్నది అక్కడే ఉండగా దాని మీద ఓళిగలు సర్దాను. పడుకోమంటే మళ్లీ పడుకున్నాను. నిద్ర రాకపోయినా కళ్లు మూసుకున్నాను. అంతా సమానమైపోయిందని లేచాను.

"ప్లగ్గు యాడుంది?" అన్నాడు చిన్నాయన.

"వద్దు చిన్నాయనా. ఇంటికి పోయేంత ఉంది."

"అంటే మా అన్న కరెంటుతోనే ఇల్లు చేరతావు."

"అట్లా కాదు..."

"మా ఇంట్లో కరెంటు లేదా? ఉంటే అది మీ బండికి ఆనదా?"

ప్లగ్గు తీసి చేతిలో పట్టుకున్నాను. ఆయన మళ్లీ ఆపాడు.

"ఆగు. ఆ కరెంటు లోపల ఉండంగానే దాని మీద మాది పోస్తావా? ముందు అది దిగాల."

నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి. కరెంటుకు ఇంటిపేరు ఉండదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు చెల్లెలి ముఖం గుర్తొచ్చింది. నోరు మూసుకుని, "ఎట్ల దించాల చిన్నాయనా?" అన్నాను.

"తిప్పు" అని ఆయన ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు.

తిప్పాను. ఊరంతా తిప్పాను. తలకు తువ్వాలు చుట్టుకుని ఆయన కనబడిన ప్రతి మనిషికీ చేయెత్తాడు. ఊరు అయిపోయాక ముద్దనూరు రోడ్డు ఎక్కించమన్నాడు. గాలి ముఖాన కొట్టింది. చేల వాసన వచ్చింది. ఒక్క క్షణం నేను మళ్లీ వెనక సీట్లో కుంకుమ భరిణె పట్టుకున్న పిల్లవాణ్ణి అయిపోయాను. "ఇంకొంచెం పోనీ, బాగుంది" అంటున్నాడు చిన్నాయన. నాకూ బాగుంది. ఇద్దరికీ అంత బాగుంటే ముల్లు వైపు ఎవరు చూస్తారు?

"ఏంది, ఆపినావు?"

"ఆపలేదు చిన్నాయనా. ఆగింది."

"సద్దే రాలేదే."

"ముందు నుంచీ లేదు గదా."

ఆయన చుట్టూ చూశాడు. ఎండ, రోడ్డు, ఒక తుమ్మచెట్టు. ఆయన ముఖంలో కోపం లేదు సరికదా, ఏదో గెలిచినంత తృప్తి. "మా అన్న కరెంటు ఇంతే" అన్నాడు.

మామకు ఫోను చేశాను. చెట్టు నీడ జరిగినప్పుడల్లా మేమూ జరుగుతూ కూర్చున్నాం. చివరికి దూరంగా ఆ సద్దు వినిపించింది. చెప్పడానికి సిగ్గుపడను, ఆ పెట్రోలు బండి మోత వినగానే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మామ తాడు తెచ్చాడు. కారు వెనక వంగి ముడి వేయబోతే పొగంతా ముఖాన కొట్టింది. దగ్గుకుంటూ లేచి, పరధ్యానంగా చేయి పెట్టి ఇంజను ఆపేశాడు.

రోడ్డంతా నిశ్శబ్దమైపోయింది. మామ చేయి తాళం మీద అలాగే ఉండిపోయింది.

"అయ్యో, ఆపితివి కదప్పా" అన్నాడు చిన్నాయన. "ఇంక చల్లారేదాకా ఈడనే."

"అవును బావా. తప్పదు" అన్నాడు మామ, నా వైపు చూస్తూ. ఆ చూపులో ఒక సందేశం ఉంది. రెండు భోజనాలు చేసి ఎండలో ఎండినవాడికి సందేశాలు అందవు.

"ఉండు మామా, ఒకసారి చూస్తా" అని తాళం తిప్పాను.

మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.

అక్కడితో ఆగి ఉంటే ఏదో ఒకటి చెప్పి బయటపడేవాళ్లం. కానీ నేను ఇంజనీరును. నిర్ధారణ చేసుకోవాలి కదా. ఆపి, మళ్లీ తిప్పాను. మళ్లీ స్టార్ట్ అయింది. "మామా, నీ బండి జబ్బు నయమైపోయింది" అని సంతోషంగా చెప్పాను.

చిన్నాయన మామను చూశాడు, కారును చూశాడు, మళ్లీ మామను చూశాడు. మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు, ఆ తుమ్మచెట్టు కింద, నాకు అర్థమైంది. ఆ కారుకు ఏ జబ్బూ లేదు. ఇన్నేండ్లు ఏ ఇంట్లోనూ కూర్చోకుండా, ఏ ఇంటికీ ఎక్కువ తక్కువ కాకుండా మా వంశాన్ని ఒక్క తాటి మీద నిలిపింది, ఆపని ఆ ఇంజనే.

"మా అన్న నెంబరు కొట్టు" అన్నాడు చిన్నాయన. కొట్టి ఇచ్చాను.

"అన్నా, నేను. ఆ, నేనే. ఓబులేసు మీ ఇంటికొస్తే ఇంజను ఆపితే స్టార్ట్ కాదని చెప్తాన్యాడా? నాకూ అదే చెప్పినాడు. లేదన్నా, నా కండ్లతో చూసినా, రెండుసార్లు. అవును, మజ్జిగ తాగి పోయేటోడు. మీ ఇంట్లోనూ మజ్జిగేనా?"

ఆ మాటలు చాలాసేపు సాగాయి. మధ్యలో బోరు సంగతి కూడా వచ్చినట్టుంది, కానీ అప్పటికి ఇద్దరికీ అంతకంటే పెద్ద పగ దొరికింది. ఫోను పెట్టేసి, "పులివెందులకు కాదు. జమ్మలమడుగుకు లాగు" అన్నాడు చిన్నాయన.

మామ తాడు ముడి వేసి, జమ్మలమడుగు దాకా లాగాడు. పెద్దనాయన గేటు తీసుకుని నిలబడి ఉన్నాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుని, ఏం చేయాలో తోచక ఇద్దరూ నా జీపును చూశారు. తర్వాత చిన్నాయన వంగి, ప్లగ్గు తీసి, తన చేత్తోనే అన్న ఇంటి గోడలో పెట్టాడు. "నింపు. ఇది గట్టి కరెంటు" అన్నాడు. పెద్దమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

పెళ్లికి ఇద్దరూ వచ్చారు. చెల్లెలు పీటల మీద కూర్చుంది. విందులో మామను మధ్యన కూర్చోబెట్టుకుని, చెరో పక్కా అన్నదమ్ములు వడ్డించారు. ఆయన లేవబోతే పెద్దనాయన భుజం మీద చేయి వేసి, "యాడికి పోతావు ఓబులేసా, ఇంజను ఆపిందేగా" అన్నాడు. ఆనాటి నుంచి మామ ఏ వాకిట్లో నిలబడినా లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని, ఆకు ముందు కూర్చోవాల్సిందే.

ఇప్పుడు ఆ కారు మీద గుడ్డ కప్పి ఉంది. పందెం ఓడింది నేనే, అయినా మామ తనే కప్పాడు. "ఆపొచ్చని తెలిసిపోయినాక దీంతో ఏం పని అల్లుడా" అన్నాడు. అప్పుడప్పుడు పోయి గుడ్డ తీసి తాళం తిప్పి వస్తుంటాను. ఇప్పటికీ మొదటి తిప్పుకే పలుకుతుంది. ఆ మోత వింటే చిన్నతనం వచ్చి పక్కన కూర్చుంటుంది.

పెట్రోలు బండి స్థానం కరెంటు బండి తీసుకోగలదా అని బాషా షెడ్డుకు వచ్చేవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతారు. తీసుకుంటుంది. వేగం ఉంది, గాలి అదే, ఆకాశమూ అదే. మా మామ అబద్ధాన్ని మోయగల బ్యాటరీ మాత్రం ఇంకా తయారు కాలేదు. అందుకే ఇంటి దేవుడి ముందు నిలబడి, చేయి చాచి ప్రమాణం చేశాను: స్టార్ట్ కాదని పెద్దలు చెప్పిన బండి తాళం ఈ జన్మలో తిప్పను. తిప్పినా, రెండోసారి తిప్పను.