నాలుగు వేళ్ళు తగ్గిన తివాచీ

తివాచీ మగ్గం ముందు వేసే బల్ల ఇద్దరి కోసం చేసింది. ఒక్కరే కూర్చుంటే ఎటు జరిగినా వెలితిగానే ఉంటుంది. పెద్దకోడలు ఎనిమిది నెలలుగా ఆ బల్ల మీద ఒక్కతే కూర్చుంటోంది.

పెద్దకోడలు అంటున్నామే గానీ, ఆమెను కోడలా అని పిలిచే అత్తా లేదు, మామా లేడు. భర్త పోయి పదేళ్ళు దాటింది. పేరు మాత్రం వదల్లేదు. నేత షెడ్డు ఆమె మరిదిది. మరిది భార్య చిన్నకోడలు. ఈ తోటికోడళ్ళిద్దరూ ఆ బల్ల మీద పక్కపక్కనే కూర్చుని ఇరవై ఆరేళ్ళు తివాచీలు నేశారు. అలాగని పాలూ నీళ్ళలా కలిసిపోయారనుకునేరు. కిటికీ గాలి ఎవరి వైపు వస్తోందన్న దగ్గర మొదలుపెడితే పెళ్ళిలో ఎవరికేం పెట్టారన్నదాకా వెళ్ళేవారు. నోళ్ళు ఎంత ఆడినా చేతులు ఆగేవి కావు.

పెద్దకోడలు ముడి వేసిందంటే బిగుసుకుపోవాల్సిందే. చిన్నకోడలిది కాస్త వదులు చెయ్యి. ఒక వరస ముడులు అయ్యాక వాటి మీదుగా అడ్డంగా పేక దారం పోయాలి. ఆ దారం ఒక కొస పెద్దకోడలు పట్టుకుంటే రెండో కొస ఆమె పట్టుకునేది. ఈమె లాగేది.

"చాలక్కా, లాగకు! మూట కడుతున్నావా ఏంటి?" అని ఆమె అరిచేది.

లాగే చెయ్యీ, వదిలే చెయ్యీ కలిస్తేనే తివాచీ అంచు తిన్నగా వచ్చేది. కొలత చూసే పని కూడా చిన్నకోడలిదే.

ఆఖరి తివాచీ సగానికి వచ్చిన రోజుల్లో చిన్నకోడలికి జ్వరం తగిలింది. ఆసుపత్రికి వెళ్తూ కూడా, "ఆకుపచ్చ దారం జోలికి పోకు, నేనొచ్చి వేస్తా," అని చెప్పి మరీ వెళ్ళింది. తిరిగి రాలేదు.

కొన్నాళ్ళు పోయాక మరిది, "వదినా, పక్కన ఇంకెవరినైనా కూర్చోబెడతాను," అన్నాడు.

"ఏం, నా చేతులు పడిపోయాయా?" అని ఆమె కస్సుమంది.

చనిపోయిన భార్య చోటు గురించి వదినతో వాదించే ఓపిక అతనికీ లేదు. ఊరుకున్నాడు. ఆమె ఈ చివరికీ ఆ చివరికీ జరుగుతూ రెండు పనులూ తానే చేసుకుంది. దారం రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక మేకుకు చుట్టేది. లాగేది. చాలన్న మాట కోసం చెయ్యి దానంతటదే ఆగేది. ఆ మాట రాకపోయేసరికి కోపమో ఏడుపో తెలియనిది ఒకటి లోపలి నుంచి తన్నుకొచ్చి ఇంకాస్త లాగేది.

సరిగ్గా అప్పుడే పెట్టుబడి కబురు వచ్చింది. చేత్తో నేసిన తివాచీలకు గిరాకీ పెరిగిందట. డబ్బు పెట్టేవాళ్ళు పాత షెడ్లను వెతుక్కుంటూ తిరుగుతున్నారట. ఇన్నాళ్ళూ ఏ కళ్ళు పెట్టుకుని తిరిగారో మరి. మరిదికున్న మూడు మగ్గాల్లో రెండు బూజు పట్టి ఉన్నాయి. ఈ తివాచీ చూడటానికి ఒకావిడ వస్తానంది. ఆవిడకు నచ్చితే పన్నెండు మగ్గాలు, కొత్త కప్పు, ఇరవై నలుగురికి పని. నచ్చకపోతే షెడ్డుకు తాళం. మరిది గోడలకు సున్నం వేయించడం మొదలుపెట్టాడు.

పెద్దకోడలికి మాత్రం ఒక సంగతి ముందే తెలుసు. మూడు నెలల కిందటే ఆమె జానతో కొలిచి చూసుకుంది. చిన్నకోడలు లేచి వెళ్ళిన దగ్గర్నుంచి తివాచీ సన్నబడుతూ వస్తోంది. సరిచేయాలంటే విప్పాలి. విప్పుకుంటూ పోతే చిన్నకోడలు వేసిన ఆఖరి వరస దాకా వెళ్ళాలి. అక్కడిదాకా వెళ్ళడం తన వల్ల కాదనుకుంది. ఎవరికీ చెప్పకుండా పైకి నేసుకుంటూ పోయింది.

పెట్టుబడి ఆవిడ వచ్చిన రోజున తివాచీని మగ్గం నుంచి కోసి నేల మీద పరిచారు. ఆవిడ టేపు తీసి కింది అంచు కొలిచింది, పై అంచు కొలిచింది. పై అంచు నాలుగు వేళ్ళు తక్కువ.

"మగ్గం పాతదండీ, దూలం కాస్త వంగింది," అన్నాడు మరిది. అతని చూపు తివాచీ సన్నబడటం మొదలైన చోటే అతుక్కుపోయింది. ఆ వరస ఏ రోజుదో అతనికి తెలుసు.

"మగ్గం తప్పేం లేదు. నాదే తప్పు," అంది పెద్దకోడలు. తోటికోడలి సంగతి, మేకు సంగతి, విప్పలేకపోయిన సంగతి దాచకుండా చెప్పేసింది.

ఆవిడ కళ్ళు మెరిశాయి. వంగి నాలుగు ఫోటోలు తీసుకుంది.

"దీన్ని తప్పంటారేంటండీ! కొనేవాళ్ళు ఇలాంటి కథ కోసమే పడి చస్తారు. ఏడాదికి ఇరవై నేయించండి. సగం దాకా ఇద్దరు, ఆ తర్వాత ఒక్కరే. అచ్చం ఇలాగే తగ్గాలి. సరేనంటే ఇవాళే సంతకం పెడతాను."

 సరే అనడానికి మరిదికి మనసు రాలేదు. వద్దంటే షెడ్డు పోతుంది. వదిన వైపు చూశాడు.

"ఇరవైకి ఇరవై మందిని ఎక్కణ్ణుంచి తెచ్చి పోగొట్టుకోమంటావమ్మా?" అంది పెద్దకోడలు.

ఆవిడ ముఖం కందిపోయింది. ఫోను సంచిలో పెట్టుకుంది.

"ఇది మాత్రం అమ్మం," పెద్దకోడలు గొంతు తగ్గించి అంది. "మూడు నెలలు ఆగండి. అంచు తిన్నగా ఉన్నది నేసి చూపిస్తాం. నచ్చితేనే పెట్టండి మీ డబ్బు."

"మీరొక్కరే నేస్తే మళ్ళీ ఇలాగే వస్తుంది కదండీ?"

 పెద్దకోడలు మరిది వైపు చూడకుండానే అతనితో అంది. "ఆ దర్జీ కోడలు పని అడిగిందన్నావుగా. రేపు రమ్మను."

ఆవిడ మూడు నెలల గడువుకు ఒప్పుకుని వెళ్ళిపోయింది. వదినా మరిదీ కలిసి తివాచీని చుట్టి గోడకు ఆనించారు. మగ్గం బోసిగా ఉంది. పెద్దకోడలు వెళ్ళి బల్ల మీద తన వైపున కూర్చుంది.

"ఇంటికి పద వదినా, అలసిపోయావు."

"నువ్వెళ్ళు. రేపట్నుంచి దాని చోటు వేరేవాళ్ళకి ఇస్తున్నాం. ముందు దానికి చెప్పాలి కదా."

అతను తలూపాడు. బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.