యేసమ్మ చర్చిలో చెప్పిన సాక్ష్యం

అది సరే, మీరే చెప్పండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న ఆడమనిషి మళ్లీ నెల తప్పితే జనం డాక్టరును అంటారా? ఆ ఆడమనిషినే అంటారు. బోధన్ దగ్గర చెరుకు నరికే యేసమ్మకు అదే జరిగింది.

ముగ్గురు పిల్లలయ్యాక ఒక ప్రైవేటు దవాఖానాలో ఆపరేషన్ అయింది. ఇక భయం లేదన్నారు. రెండో ఏడు వేవిళ్లు మొదలయ్యాయి. మొగుడు దేవదాస్ ఒక్క మాటా అనలేదు, మంచం మాత్రం వాకిట్లోకి లాక్కున్నాడు. అది అనుమానమేనని యేసమ్మకు తెలిసిపోయింది. అత్త శారమ్మ ఊరుకోలేదు, నలుగురిలోనే అనేసింది.

"నరికినంక చెరుకు మల్లా చిగురేస్తది. నీ కడుపు గూడ గంతేనానె?"

కాన్పు కష్టమైతే నిజామాబాద్ తీసుకుపోయారు. అక్కడ కంఠేశ్వర్ ప్రాంతంలో ఒక డాక్టరమ్మ కడుపు కోసి ఆడపిల్లను తీసింది. ఆపరేషన్‌లో ముడి వేయాల్సిన గర్భనాళాల్లో ఒకవైపు దానికి అసలు ముడే పడలేదని ఆమే చూసి చెప్పింది. దేవదాస్ నమ్మలేదు, కోర్టు చెప్పాలన్నాడు. అందుకే వకీలు మన్సూర్ చేత వినియోగదారుల ఫోరంలో కేసు వేయించింది యేసమ్మ.

ఇంతలో తనే ఒక పని చేసింది. గండం గడిచిన బాలింత చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం వాళ్ల ఆనవాయితీ. యేసమ్మ బిడ్డనెత్తుకొని లేచి, ఈ బిడ్డను దేవుడే ఇచ్చాడని, తనకు ఎవరి మీదా కోపం లేదని ఏడుస్తూ చెప్పింది. ముందు వరుసలో జీవరాజు కూర్చుని ఉన్నాడు. ఆపరేషన్ చేసిన దవాఖానాలో కాంపౌండర్ అతనే.

సంగతి విని మన్సూర్ తల పట్టుకున్నాడు. దేవుడిచ్చిన బిడ్డయితే డాక్టరు తప్పేముందని అవతలి వకీలు అడుగుతాడట. జీవరాజునే సాక్షిగా తెస్తారట.

"దేవుడిచ్చిండు, డాక్టరు తప్పు చేసిండు. రెండూ నిజమే గద సారూ," అంది యేసమ్మ.

"నిజమే అక్కా. గది ఫోరంల వణకకుంట చెప్తవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

విచారణకు ముందురోజు బిడ్డను చంకనేసుకొని, జీవరాజు పిల్లలకని నాలుగు చెరుకు గడలు పట్టుకొని అతని ఇంటికి బయలుదేరింది. చర్చిలో విన్నది చెప్పొద్దని కాళ్లు పట్టుకుందామనుకుంది. గేటు దగ్గర నిలబడి పిలిచింది.

"ఏందక్కా, గిట్లొచ్చినవ్?" అన్నాడు జీవరాజు బయటికొచ్చి.

బిడ్డ అతన్ని చూసి బోసినవ్వు నవ్వింది. చెప్పొద్దని అడిగితే ఈ పిల్లను దేవుడివ్వలేదని తన నోటితో తనే అన్నట్టవుతుంది. అడక్కపోతే రేపు కేసు పోతుంది, దేవదాస్ మంచం వాకిట్లోనే ఉండిపోతుంది.

"ఏం లేదన్నా, పిల్లలు తింటరని చెరుకు తెచ్చిన."

గడలు గేటుకు ఆనించి వెనక్కి తిరిగింది. అడగడానికి వచ్చిన మాట అడగనే లేదు.