టేపులో లేని మాట

ఇరవై రెండేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నా పుస్తకంలో అందరికీ నచ్చింది అదే. అది అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను చరిత్ర ప్రొఫెసర్‌ని. తూర్పు ఆసియా నుంచి వలస వెళ్లినవాళ్లు తమను తాము ఎవరనుకుంటారన్నదే నేను జీవితమంతా చేసిన పరిశోధన. ఎన్నో దేశాలు తిరిగాను. పుస్తకానికి ప్రాణం పోసింది మాత్రం నారాయణగూడలో నా కనుబొమలు తీర్చే పార్లర్ ఆంటీ. ఆమె తాత చైనా నుంచి వచ్చాడట. దారం పళ్ల మధ్య ఉండగానే కబుర్లు చెప్పేది. ఓ రోజు టేపు ఆన్ చేసి, మీరు ఎక్కడివాళ్లమనుకుంటారు ఆంటీ అని అడిగాను. దారం వదిలేసి నవ్వింది.

“ఏందమ్మా గట్ల అడుగుతవు? చిక్కడపల్లిల పుట్టిన. ఇంకెక్కడిదాన్నయిత?”

అంతే. ఆ జవాబుతో నాకేం పని? సొంత నేలకు దూరమైన బాధ గురించి అప్పటికే సగం పుస్తకం రాసి పెట్టుకున్నాను. తిప్పి తిప్పి అడిగినా అదే నవ్వు. చివరికి ఇంటికొచ్చి, ఆమె అన్నట్టు నేనే రాశాను: ‘ఇక్కడే పుట్టాను, ఇక్కడే పోతాను, కానీ ఇది నా ఊరని ఒక్కరోజూ అనిపించలేదు.’

పుస్తకానికి పేరొచ్చింది. నాకు పదవి వచ్చింది.

ఆంటీ చనిపోయిన ఏడాదికి ఆమె మనవరాలు బర్కత్‌పుర నుంచి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. చేతిలో నా పుస్తకం.

“నానమ్మ నిజంగనే ఇట్ల అన్నదా మేడమ్? మాతోని ఎన్నడు అనలే.”

కాదంటే పుస్తకం పోతుంది, పరువు పోతుంది, ఇన్నేళ్లు నా పాఠం విన్న పిల్లల ముందు తలెత్తుకోలేను అని ఆ ఒక్క క్షణంలో ఎంత దూరం ఆలోచించానో, ఎదురుగా కూర్చున్న పిల్ల గురించి మాత్రం ఆలోచించలేదు.

“అన్నారమ్మా” అన్నాను.

ఆ పేజీనే చూస్తూ కూర్చుంది. “మేమే అడగలే మేడమ్. గిన్నేండ్లు లోపల్నే పెట్టుకుని బతికింది” అంది. వెళ్తూ వెళ్తూ థాంక్స్ కూడా చెప్పింది. ఛీ, ఏం మనిషిని నేను.

పార్లర్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అయినా ఆ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు వినిపిస్తుంది. చుట్టూ తిరిగి వెళ్తాను. టేపు బీరువాలో చీరల కింద ఉంది. ఎందుకు పారేయలేదు? ఎవరైనా నన్ను పట్టుకోవాలనా?

ఇంకోటి. ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా నాన్న ఉద్యోగానికని కోస్తా నుంచి వచ్చారు. నేను కవాడిగూడలో పుట్టాను. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర నోరు తెరిస్తే “ఏ ఊరమ్మా మీది?” అంటారు. ప్రతిసారీ గుచ్చుకుంటుంది. ఎవరితోనూ అనలేదు. నా దిగులు తీసుకెళ్లి ఆమె నోట్లో పెట్టి, పరిశోధన అన్నాను.

ఇది ముందుగా చెప్పాల్సింది ఆ పిల్లకు. నంబరు ఉంది. ఫోన్ చేయలేదు, చేస్తానని మాటా ఇవ్వలేను. ఇక్కడ మాత్రం, ఇన్నేళ్లకు ఊపిరి పీల్చుకుని రాస్తున్నాను. ఆంటీ ఆ మాట అనలేదు. ఆమె చిక్కడపల్లి మనిషి. ఊరు లేనిది నాకే.