శాంతమ్మ పారించిన నీళ్లు

మదనపల్లె నుంచి వెళ్తున్న బస్సులో నా పక్కన ఒక టమాటా రైతు కూర్చున్నాడు. పేరు నారాయణప్ప. పుంగనూరు కోర్టుకు వెళ్తున్నానన్నాడు.

"గట్టు తగాదాలో పక్క చేని శాంతమ్మ మీద కేసేసినాను సార్. ఈ పొద్దు వాపసు తీసుకుంటాండాను."

ఓడిపోయేలా ఉందా అని అడిగాను.

"లేదు, గెలిచే కేసే."

మాది కృష్ణా జిల్లా. గెలిచే కేసును వదులుకున్న రైతును నేనెక్కడా చూడలేదు. కారణం అడిగాను.

ఈ వేసవిలో ఆయన బోరు ఎండిపోయిందట. కాపు మీదున్న టమాటా వాడిపోతుంటే, ఒకరోజు తెల్లారేసరికి చేలో నీళ్లు పారుతున్నాయి. శాంతమ్మ తన బోరు పైపును ఇటు తిప్పింది. ఊరందరి ముందు ఆయన తిట్టినా తలదించుకుని వెళ్లిపోయిన మనిషి ఆమె.

"భయపడి కాళ్లబేరానికి వచ్చిందనుకున్నాను సార్. కేసు మాత్రం వదల్నని చెప్పినాను. 'కేసు నీ ఇష్టమప్పా, నీళ్లయితే ఆపను. మా ప్రభువు తనను సిలువేసినోళ్ల కోసరమే ప్రార్థన చేసినాడు' అనింది. తిట్టింటే నేనూ తిడుదును. నీళ్లు పెట్టినామె మీద కేసెట్ల నడిపేది?"

"కేసు తీసేస్తున్నట్టు ఆమెకు తెలుసా?"

"తెలీదు." పుంగనూరు వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

"జడ్జి ముందర నిలబడేదానికి నాకెప్పుడూ భయం లేదు సార్. సాయంత్రం ఆమె ముందర యెట్ల నిలబడేదో తెలీడంలేదు."