గంగక్క పెట్టిన చుక్క

గంగక్క మొగుడు మద్దిలేటి బేతంచెర్ల బండల గనిలో దరి గోడ కూలి చచ్చిపోయినాడు. యాభై ఒకటో సంవత్సరం, నడి ఎండాకాలం. దరి నెర్రెలిచ్చింది, కింద తొలిచేది ఆపుదామని మూడు రోజుల ముందే ఆయన రైటరుకు చెప్పినాడు. రైటరంటే తిమ్మయ్య. కూలీల హాజరు వేసుకునేదీ, యజమాని తరఫున కాగితాలు రాసేదీ ఆయనే. గని మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయనొక్కడే. లారీ వచ్చే పొద్దుకు బండలు పైనుండాలని గదమాయించి, ఆ దరి కిందికే మద్దిలేటిని పంపించినాడు.

మట్టి చేసిన మూడో రోజు తిమ్మయ్య ఒక ఇంగ్లీషు కాగితం పట్టుకొని గుడిసెకు వచ్చినాడు. నీ మొగుడు పోయినాడని సర్కారుకు తెలపాల కదా, దీనిమీద చేవ్రాలు చెయ్యమన్నాడు. గంగక్క చిన్నప్పుడు కోయిలకుంట్లలో నాలుగో తరగతి దాకా తెలుగు చదువుకున్నది. చేవ్రాలు చేసింది. నకలొకటి ఆమె చేతిలో పెట్టి ఆయన వెళ్ళిపోయినాడు.

తర్వాత ఆమె మిషను ఆడపిల్లల బడిలో ఊడ్చే పనికి, నీళ్ళు మోసే పనికి కుదిరింది. అక్కడి టీచరమ్మ కృపమణి నడివయసు మనిషి, ఒంటరిది. ఒకరోజు గంగక్క ఆ నకలు తెచ్చి ఇందులో ఏముందో చెప్పమన్నది. కృపమణి చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, తెలుగులో చెప్పింది. మృతుడు తాగి ఉన్నట్లు కనుగొనబడింది. దరి కిందికి పోవద్దని హెచ్చరిక చేయబడింది. ఈ సంగతి అతని భార్యచేత ఒప్పుకోబడింది.

మద్దిలేటి దేవుని పేరు పెట్టుకున్న మనిషి. కల్లు కుండ దగ్గరికి కూడా పోయి ఎరగడు. తాను ఒప్పుకున్నానని తన చేతనే రాయించుకున్నారు. గంగక్క ఏడవలేదు. ఒకటే అడిగింది.

"చేయబడిందంటే ఎవురు చేసినట్ల టీచరమ్మా?"

"అది దీంట్లో లేదు గంగా. చేసినోని పేరు చెప్పకుండా చేసిన పని మాత్రం చెప్పేదానికి ఇంగ్లీషులో ఒక పద్ధతి ఉండాది. పాసివ్ వాయిస్ అంటారు."

మన మాటల్లో అట్లా ఎవరూ మాట్లాడరు. కుండ పగిలిందంటే ఎవరు పగలగొట్టినారని అడిగి గాని వదలరు. గంగక్క ఆ కాగితాన్ని మడిచి రైక లోపల పెట్టుకున్నది. "నాకు ఇంగ్లీషు నేర్పీయ్ టీచరమ్మా. వాడు రాసింది వాని నోటితోనే మింగించాల. దానికి ఎంత కావాలో అంత నేర్పిస్తే చాలు," అన్నది.

కృపమణికి ఆ కారణం నచ్చలేదు. పగతో చదువు మొదలుపెట్టకూడదని చెప్పి చూసింది. కానీ మరుసటి రోజు బడి వదిలినాక పలక, బలపం బయట పెట్టింది.

రెండేండ్లు అక్షరాలకూ, చిన్న మాటలకూ పోయినాయి. ఆ పైన వ్యాకరణం. ఏ సూత్రం చెప్పినా గంగక్క రాసే ఉదాహరణలో తిమ్మయ్యే ఉంటాడు. తిమ్మయ్య అబద్ధం చెప్తాడు. తిమ్మయ్య అబద్ధం చెప్పినాడు. నేను అడిగేసరికే తిమ్మయ్య అబద్ధం చెప్పేసి ఉన్నాడు. తిమ్మయ్య రేపు ఏడుస్తాడు. భవిష్యత్కాలం వచ్చిన వారమంతా పలక చాలలేదు. తిమ్మయ్య కింద పడతాడు, తిమ్మయ్య తిండికి దేవులాడతాడు, తిమ్మయ్య నీళ్ళకు మొత్తుకుంటాడు. కృపమణి చూసి, దేవుడు వింటాడు, ఇంకెవరి పేరన్నా రాయమని కోప్పడింది. గంగక్క ఆ రోజుకు గోపన్న అని రాసింది. మర్నాడు మళ్ళీ తిమ్మయ్యే.

చుక్కలూ కామాలూ ఆమెకు కష్టమైనాయి. ఊపిరి ఆగేదాకా ఒకే వాక్యం రాసుకుంటా పోయేది. కృపమణి అన్నది: "మాట అయిపోతానే చుక్క పెట్టు. పెట్టకుంటే చదివేటోడు నీ మాటను యాడికన్నా ఈడ్చుకపోతాడు." అప్పటినుంచి గంగక్క నీళ్ళు మోస్తా కూడా నోట్లో వాక్యాలు కట్టుకొని, అయిపోయిన చోట కాలితో నేలను ఒక తన్ను తన్నేది. చూసినోళ్ళు మొగుడు పోయి మతి చెదిరిందనుకున్నారు.

చదవడం వేరు, మాట్లాడటం వేరు. ఇంగ్లీషు మాట నోటిదాకా వచ్చి నాలుక కింద దాక్కునేది. యాభై మూడులో కర్నూలు రాజధాని అయినాక, సర్కారు కచేరీలు పెట్టిన డేరాల దగ్గరికి కృపమణి ఏదో బడి పనిమీద పోతూ గంగక్కను వెంట తీసుకొనిపోయింది. అక్కడ పెద్ద ఉద్యోగస్తులు కూడా తప్పులు మాట్లాడతా, ఆ తప్పులనే గట్టిగా మాట్లాడతా ఉండటం గంగక్క విన్నది. తిరిగి వచ్చినాక బడి వెనక కంపచెట్లలో నిలబడి గొంతెత్తి మాట్లాడేది. ఎదురుగా తిమ్మయ్య ఉన్నట్లే వేలు చూపించేది.

యాభై ఏడులో అదే గనిలో మళ్ళీ దరి కూలింది. ఈసారి దాసన్న అనే కూలీకి తొడ ఎముక విరిగింది. ఆయన్ను కర్నూలు ఆసుపత్రిలో వేసినారు. తిమ్మయ్య ఆయన భార్య మద్దమ్మ దగ్గరికి కాగితంతో పోయినాడు. మద్దమ్మ, మా అన్నను అడిగి వేలిముద్ర వేస్తానని చెప్పి, ఆ కాగితాన్ని గంగక్క దగ్గరికి తెచ్చింది.

గంగక్క చదివింది. పెట్టెలోని పాత నకలు తీసి పక్కన పరిచింది. పేరు తప్ప అన్నీ అవే మాటలు. తాగి ఉన్నట్లు కనుగొనబడింది. హెచ్చరిక చేయబడింది. ఆరేండ్ల కింద తిమ్మయ్య హెచ్చరిక అన్న మాటలో ఎక్కువగా రాసిన ఒక అక్షరం కూడా అట్లనే ఉంది. మొగుడు పోయినాక మొదటిసారి ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి మద్దమ్మ భయపడింది.

గనుల ఇన్‌స్పెక్టరుకు అర్జీ రాసింది. మొదటిది నాలుగు పేజీలు, సగం తిట్లు. కృపమణి దాన్ని చింపేసింది. "తిట్టు రాస్తే నీ కోపం కనపడుతుంది గాని తిమ్మయ్య కనపడడు. ఎవరు చేసినారో ముందు రాయి, ఏం చేసినారో తర్వాత రాయి," అన్నది. మూడోసారికి పన్నెండు వాక్యాలైనాయి. అందులో ఆరు తిమ్మయ్య పేరుతోనే మొదలైనాయి. రెండు కాగితాల నకళ్ళూ జతచేసి పోస్టులో వేసింది.

నెల దాటినాక ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. అటువంటి వాళ్ళు ఎప్పుడు వచ్చినా కూలీల మాట వాళ్ళకు చెప్పేది తిమ్మయ్యే. ఆ రోజు కూడా యజమాని పక్కనుంచి ముందుకు వచ్చి చేతులు కట్టుకొని నిలబడినాడు. ఇన్‌స్పెక్టరు అర్జీ తీసి, ఇది రాసిన వారెవరని అడిగినాడు.

బండల మీద కూచున్న కూలీల నడుమ నుంచి గంగక్క లేచింది. ఒక క్షణం ఆరేండ్ల చదువూ ఎగిరిపోయినట్లయింది. తిమ్మయ్య మూతి ఒక పక్కకు లాగి నవ్వబోయినాడు. ఆ నవ్వుతో ఆమెకు అన్నీ గుర్తుకొచ్చినాయి.

"ఐ రోట్ ఇట్, సర్," అన్నది. రెండు కాగితాలూ చూపించి, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "వార్నింగ్ వాజ్ గివెన్. హూ గేవ్ ఇట్?"

హెచ్చరిక ఇచ్చిందెవరు? ఇన్‌స్పెక్టరు తిమ్మయ్య దిక్కు తిరిగి అదే అడిగినాడు. మేస్త్రీ ఇచ్చినాడన్నాడు తిమ్మయ్య. దరి కూలిన రెండుసార్లూ మేస్త్రీ ఊళ్ళోనే లేడని హాజరు పుస్తకం చెప్పింది. అది రాసిందీ తిమ్మయ్యే. తాగి ఉన్నట్లు కనుక్కున్నదెవరని అడిగితే, అందరూ కనుక్కున్నారన్నాడు. అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. జరిగింది రాసి ఇమ్మని ఇన్‌స్పెక్టరు కాగితం ముందుకు తోసినాడు.

తిమ్మయ్య రాసినాడు: ఐ డిడ్ నాట్ వార్న్ దెమ్ బికాజ్ దే వర్ డ్రంక్. నేను వాళ్ళను హెచ్చరించలేదు, ఎందుకంటే వాళ్ళు తాగి ఉన్నారు. ఒప్పుకుంటున్నట్లే ఒప్పుకుంటూ చచ్చినోని మీద మళ్ళీ బురద పోసినాడు. చదివి చూడమని ఇన్‌స్పెక్టరు దాన్ని గంగక్కకు ఇచ్చినాడు.

ఆమె కలం అడిగి తీసుకున్నది. 'దెమ్' పక్కన చుక్క పెట్టింది. కాగితం అవతలికి దిగేటంత గట్టిగా పెట్టింది. మిగతా నాలుగు మాటలూ చూపించి తెలుగులోనే అన్నది: "ఇవి నువ్వే కొట్టెయ్. నీ చేత్తోనే కొట్టెయ్."

తిమ్మయ్య ఇన్‌స్పెక్టరు ముఖం చూసినాడు, యజమాని ముఖం చూసినాడు. యజమాని గని దిక్కు చూస్తున్నాడు. తిమ్మయ్య నాలుగు మాటలూ కొట్టేసి కింద చేవ్రాలు చేసినాడు. ఆయన కొట్టెయ్యటం గంగక్క కళ్ళారా చూసింది.

యజమాని తప్పంతా రైటరు మీదికి నెట్టి చిన్న జరిమానాతో బయటపడినాడు. తిమ్మయ్య పని పోయింది. దాసన్నకు పరిహారం వచ్చింది. మద్దిలేటి సంగతి పాతబడిందని, పరిహారం ఇచ్చేందుకు వీల్లేదని జాబు వచ్చింది. తాగి ఉన్నాడన్న మాట మాత్రం రికార్డులోంచి తీసివేయబడిందని అందులోనే రాసినారు. గంగక్క ఆ జాబును నాలుగుసార్లు చదివింది. ఎవరు తీసేసినారో అందులోనూ లేదు.

కోపం చల్లారుతుందనుకున్నది. చల్లారలేదు. ఇప్పటికన్నా వదిలెయ్ గంగా అని కృపమణి ప్రార్థన చేసుకొని వచ్చి మరీ చెప్పింది. గంగక్క ఆమె కాళ్ళకు మొక్కింది గాని, సరేనని అనలేదు. గనుల నుంచి కాగితాలు పట్టుకొని వచ్చే ఆడవాళ్ళకు చదివి చెప్పడం, అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టింది.

మూడేండ్ల తర్వాత బేతంచెర్ల స్టేషన్‌లో తిమ్మయ్య ఎదురుపడినాడు. గడ్డం మాసి ఉంది. డోన్‌లో ఏదో కొట్టులో లెక్కలు చూస్తున్నాడట. "గంగమ్మా, మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

"పెట్టుకుంటా," అన్నది గంగక్క. వెంట వచ్చిన కూలామె కాగితాలున్న సంచిని తాను సర్దుకొని, ఆమెతోపాటు బండి ఎక్కింది.