స్వంత కారణాలు

కాలేజీ మానేస్తూ నేను పెట్టుకున్న అర్జీలో ఒకే ఒక్క అబద్ధం ఉంది. "స్వంత కారణాల వల్ల" అన్నది. రాసింది నేను, రాయించింది మా నాయన.

మాది ఉదయగిరి. చెక్క గరిటెలు, చెంచాలు చేసి బతికేవాళ్లం. కొండ మీది నుంచి తెచ్చిన కర్రను నాయన చెక్కితే, అమ్మా నేనూ ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేవాళ్లం. సరుకంతా బజారులో కొట్టున్న శెట్టిగారే కొనేవాడు. డెబ్భైల చివర్లో నేను ఆత్మకూరు కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు నాయన ఏడాది ఫీజు ఒక్కసారే కట్టేశాడు. ఆ గొప్పకి అమ్మ కమ్మలు పోయాయి. పేద పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు కూడా మంజూరైంది కానీ, అది చేతికొచ్చేది ఏడాది చివర్లోనే.

దసరా సెలవులయ్యాక దగ్గితే రక్తం పడింది. నెల్లూరు పెద్దాసుపత్రిలో క్షయ అన్నారు. మందులు ఊరకే ఇచ్చి, ఈ ఏడాదికి చదువు కట్టిపెట్టమన్నారు.

అర్జీ రాసేటప్పుడు జబ్బు పేరు రాయబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"జనం నోట్లో పెట్టుకునే చెంచాలురా మనవి. ఈ మాట కాగితం మీదకెక్కితే ఎవుడు కొంటాడు?"

అంతకు ముందే నన్ను సరుకు దగ్గరికి రానివ్వడం మానేశాడు. అంత నిజాయితీ ఉన్న మనిషి, కాగితం దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడించాడు.

మార్చికి ఒంట్లో కాస్త సత్తువ వచ్చింది. జూన్‌లో మళ్లీ చేరాలంటే ఫీజు కావాలి. కట్టినదాంట్లో ఏమైనా వెనక్కిస్తారేమోనని ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం.

కాలేజీ గుమాస్తా ఫైలు తిరగేశాడు. "జబ్బుచేసి మానుకున్నోళ్లు డాక్టరు చీటీ పెడితే సగం ఫీజు వెనక్కొస్తాది. చదివిన నెలలకు స్కాలర్‌షిప్పూ ఇస్తాం. స్వంత కారణాలంటే పైసా రాదు" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఏమయ్యా, పిలగాడు ఇంత చిక్కిపోయినాడు? జబ్బేమన్నా చేసుంటే చెప్పు, ఇంకో అర్జీ తీసుకుంటా. ఈ నెలాఖరు దాటితే నా చేతిలో ఏం లేదు."

దేవుడిలాంటి మనిషి దొరికాడు. ఆసుపత్రి చీటీ నాయన జేబులోనే ఉంది. కానీ పక్క బెంచీ మీద, కొడుక్కి పరీక్ష ఫీజు కట్టడానికొచ్చిన మా శెట్టిగారు కూర్చుని ఉన్నాడు.

నాకు దగ్గొచ్చింది. పళ్లు బిగించి మింగేశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జబ్బేం లేదయ్యా. వాడికే చదువు మీద మనసు లేదు" అన్నాడు నాయన.

పదో తరగతిలో బడికంతా ఫస్టొచ్చినవాణ్ణి నేను. జబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. గుమాస్తా "ఈ కాలం పిలకాయలు అంతేలే" అని ఫైలు కట్టేశాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఎందుకూపానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"నెలాఖరు లోపల నేనొక్కణ్ణే వచ్చి చీటీ ఇచ్చిపోతాలేరా" అన్నాడు నాయన బస్సులో. వెళ్లలేదు. శెట్టిగారి కొడుకు చదివే కాలేజీలో ఆ కాగితం పెట్టడానికి ఆయనకు ధైర్యం చాల్లేదు. నేనూ అడగలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు నాయన సరుకు మూట తీసుకుని కొట్టుకు వెళ్తుంటే వెంట వెళ్లాను. శెట్టిగారు ఎప్పటిలాగే డబ్బిచ్చి, మెల్లగా అన్నాడు.

"పిలగాడికి ఆ క్షయ మందులు మధ్యలో ఆపబాకయ్యా. మా తమ్ముడు అట్ట ఆపేసే పోయినాడు."

నాయన డబ్బు లెక్కపెట్టడం ఆపేశాడు. "మీకెప్పుడు తెలిసినాది?" అన్నాడు.

"దసరా అయిన కాడి నుంచి తెలుసు. ఈ ఊళ్లో ఏం దాగుతాది?"

"తెలిసీ కొన్నారా?"

"వాణ్ణి సరుకు ముట్టుకోనియ్యవని కూడా తెలుసు గదా."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టయింది మా పని. నెలాఖరు దాటి అప్పటికి పది రోజులు. ఇంటికొచ్చాక నాయన జేబులోంచి చీటీ తీసి నా చేతికిచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

జూన్‌లో డాక్టరు, ఇక నా వల్ల ఎవరికీ అంటుకోదని చెప్పాడు. కాలేజీ తెరిచిన రోజు పొద్దున నాయన నా చేతికి ఉప్పుకాగితం ఇచ్చాడు.