మా వాడకట్టు దర్వాజలకు ఫ్రెంచి కాయితాలు

కోపం తగ్గించమని రోజూ దీపం ముందు కూర్చుని అడిగే మనిషిని నేను. అడగ్గా అడగ్గా దేవుడు కొంత తగ్గించాడు కూడా, ఆయనకు దండం. కానీ ఇంటర్లో చేరిన ఆ రోజుల్లో నాకున్న కోపాన్ని తలచుకుంటే, అంత సన్నటి పిల్ల అంత కోపాన్ని ఒంట్లో ఎక్కడ దాచుకుందా అని నాకే ఆశ్చర్యం వేస్తుంది. కాలేజీ గుమాస్తా మీద కోపం, ఫ్రెంచి సారు మీద కోపం, నాయనమ్మ మీద కోపం, మా వాడకట్టు మొత్తం మీద కోపం, ఆఖరికి తలుపుల మీద కూడా కోపం. (తలుపులేం పాపం చేశాయంటారా? వాటి సంగతే చెప్పబోతున్నాను.)

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడికి పంపితే వెళ్ళిన కాసేపటికే ఎవరో ఒకరు ఎత్తుకుని తిరిగి తెచ్చేవారు. అందుకని రాజోలిలో మా ఇంటి దర్వాజ వెనక చాప పరిచి మా అమ్మే చదువు చెప్పింది. వంట చేస్తూ లెక్కలు, బియ్యం ఏరుతూ పద్యాలు, దీపం పెట్టేటప్పుడు శ్లోకాలు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ తరువాత మందులు పనిచేశాయో మొక్కులు పనిచేశాయో గానీ (రెండింటికీ నేను రుణపడి ఉన్నాను) ఊపిరి కుదుటపడింది. గద్వాల కాలేజీలో చేరతానని పట్టుబట్టాను. నాయన రెండు రోజులు నా మందుల చీటీలు తిరగేశాడు. ఆ తరువాత అన్నాడు, "పో బిడ్డా, వద్దంట లేను. గని ఒక్క దాంట్ల తప్పినా మల్ల ఇంట్లనే కూసోని చదువుకోవాలె. బస్సుల దుమ్మంత మింగి, మార్కులు గూడ రాకపోతె ఎందుకు గా పరేషాన్?" సరేనన్నాను. ఆ దర్వాజ దాటడానికి నేనెంత కాలం ఎదురుచూశానో నాకూ దేవుడికీ తెలుసు. మళ్ళీ దాని వెనక్కి పోయి కూర్చోవడం కంటే మరో శిక్ష లేదనుకున్నాను.

రెండో భాషగా సంస్కృతం రాయించుకుందామని ఎంతో ఆశతో వెళ్ళాను. అమ్మ నేర్పిన శ్లోకాలన్నీ నోట్లోనే ఉన్నాయి కదా, మార్కులు వాటంతటవే వస్తాయని ధీమా. గుమాస్తా తల ఎత్తకుండానే, "సంస్కృతం నిండిపొయ్యిందమ్మా, ఫ్రెంచి రాస్తున్న" అన్నాడు. "సార్, నాకు ఫ్రెంచి తెల్వదు సార్" అన్నాను. "ఎవలకు తెల్సు? తెల్వదనే గద కాలేజికొచ్చిన్రు. జరుగు, ఎనక మంది ఉన్నరు" అన్నాడు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంటికొచ్చేదాకా ఆ గుమాస్తాను మనసులో తిడుతూనే ఉన్నాను. మధ్యలో ఆపి దేవుడికి క్షమాపణ చెప్పుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

ఫ్రెంచి సారు కర్నూలు నుంచి వచ్చేవాడు. మంచివాడే. కానీ మొదటి నోటి పరీక్షకు ఆయన ఎంచుకున్న పాఠం 'ఇంటి ద్వారాలు'. తలుపు అంటే లా పోర్త్. పెద్ద గేటు అంటే లె పోర్తాయ్. చిన్న గేటు లె పోర్తియోఁ. ఇనుప కటకటాలది లా గ్రీయ్. గడప లె సెయ్. గడియ లె వెరూ. లోపలికి వచ్చే చోటు లాంత్రే. ఆ 'ర' గొంతులోంచి గరగరమని రావాలట. ఉబ్బసం తగ్గిందని అప్పుడే సంతోషిస్తున్న పిల్లను పట్టుకుని గొంతు గరగరలాడించమంటే ఎవరికి కోపం రాదు? పైగా మనిషి లోపలికి రావడానికి ఇన్ని పేర్లెందుకని ఆ దేశం మీద కూడా కోపం వచ్చింది. (మనకూ దర్వాజ, వాకిలి, తలుపు, గడప, తడిక, ఇన్ని ఉన్నాయని అప్పుడు తోచలేదు. మనవైతే ఎక్కువనిపించవు.)

ఎంత చదివినా మాటలు తలలో నిలవలేదు. సారే ఉపాయం చెప్పాడు: ఇంట్లో ఏ వస్తువుకు ఆ పేరు రాసి అంటించుకోండి, ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకుని వల్లె వేయండి అని. పాత క్యాలెండర్ కాగితాలు చింపి, వెనుకవైపు తెల్లగా ఉన్నచోట ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను. అన్నం మెతుకులతో తలుపుకు, గడప పక్కన, గడియ మీద, పెరటి తడికకు అంటించాను. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్కో కాగితం ముందు నిలబడి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ వల్లె వేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు మీరే చెప్పండి, తల తడిగా ఉన్న పిల్ల, నుదుట బొట్టు, ఎర్ర అక్షరాల ముందు కళ్ళు మూసుకుని గొణుగుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? నాకప్పుడు ఆ ఆలోచనే రాలేదు.

శుక్రవారం నాడు నాయనమ్మ గడపకు పసుపు రాసి, అదే చేత్తో నా 'లె సెయ్' కాగితానికీ నిండా పసుపు పూసి నాలుగు కుంకుమ బొట్లు పెట్టింది. ఒక్క అక్షరం మిగల్లేదు. 

"నాయనమ్మా! అది నా పాఠం!"

"అయితె ఏంది? మంచి మాటలే గద. పసుపు పెట్టకుంట ఎట్లుంచుతరు?"

"గడప అని రాసింది, అంతే."

నాయనమ్మ నా వంక జాలిగా చూసింది. "గడప మీద గడపని ఎవరన్న రాస్తరా బిడ్డా? అది గడపని నాకు తెల్వదా?"

కోపంగా ఇంకో కాగితం చింపి మళ్ళీ 'లె సెయ్' అని రాసుకున్నాను. 

తరువాత మా పక్కింటి బర్రెల పెద్దమ్మ వచ్చింది. ఆమె బర్రె నాలుగు రోజులుగా పాలు చేపడం లేదట. నేను కాలేజీకి పోయిన సమయం చూసి మా పెరటి తడిక మీది కాగితం ఊడదీసుకుని పోయి కొట్టానికి అంటించుకుంది. ఆ సాయంత్రమే బర్రె చేపింది. (దాణా మార్చానని ఆమె కొడుకు చెబుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు.) మరునాటికి మా వాడకట్టులో నా కాగితాల గురించే మాట. కిరాణం మామ షట్టరుకు నా 'లాంత్రే' చేరింది. ఆటో నడిపే అన్న, నేను రెండోసారి రాసుకున్న 'లె సెయ్' తీసుకుపోయి అద్దానికి అంటించుకున్నాడు. ఆటోకు గడప! ఇంటికొచ్చి చూస్తే మా తలుపులన్నీ బోసిగా ఉన్నాయి. అన్నం మెతుకుల మరకలు మాత్రం మిగిలాయి, చీమలు పట్టాయి.

ఇవి జరుగుతుండగానే పరీక్ష రేపనగా వానలు ముదిరాయి. సాయంత్రానికి "పైన డ్యాం గేట్లెత్తిండ్రంట" అన్న మాట వాడకట్టు మొత్తం పాకింది. మా ఊళ్ళో ఆ మాట వినగానే అందరూ ఒక్కసారి ఊరిని ఆనుకుని పారే నది వైపు చూస్తారు. నేను పుస్తకం తీసుకుని కూర్చున్నానో లేదో, మా వాకిట్లో జనం. ముందు బర్రెల పెద్దమ్మ.

"బిడ్డా, గేట్లెత్తిండ్రంట. మా పెద్ద గేటుకొకటి రాసియ్యి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పెద్దమ్మా, రేపు నాకు పరీక్షుంది. తప్పితే మా నాయన నన్ను ఇంట్ల కూసోవెడ్తడు. ఇవి మంత్రాలు గావు. తలుపు, గేటు, గడియ, గివే రాసినవి! ఫ్రెంచోళ్ళ తలుపులు!"

"అట్లనే బిడ్డా," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "మేం ఎవరికీ చెప్పం."

వెనక నిలబడ్డవాళ్ళు కూడా గట్టిగా తలలూపారు. నేను లోపలికి పోయి తలుపు ధడాలున వేశాను. (తలుపు మీద కోపమన్నాను కదా, అది ఇదే.) లోపల చీకటిలో, గడప మీద కూర్చోకూడదని దాని పక్కనే నేల మీద నాయనమ్మ కూర్చుని ఉంది. దర్వాజ చెక్కను చేత్తో తడుముతోంది.

"పాతిల్లుకు యాప దర్వాజ ఉండె," అంది నాకేసి చూడకుండా. "మీ తాత చేపిచ్చిండు. పెద్ద వరదల నీళ్ళు తగ్గినంక వచ్చి చూస్తె గోడలన్న సగం ఉన్నయి, దర్వాజ లేదు. యాడికి కొట్కపొయ్యిందో. గప్పుడు దాని మీద ఏం రాసిలేకుండె."

అంతే.  నా కోపం ఎక్కడికీ పోలేదు, కానీ దానికి కూర్చునే చోటు లేకుండా పోయింది. క్యాలెండర్ తీసుకుని, స్కెచ్ పెన్ను తీసుకుని తలుపు తెరిచాను. "రాసిస్త. గని ఒక్క మాట. ఎవరి దర్వాజకు ఏ పేరో అదే రాస్త. గేటున్నోళ్ళకు గేటు, తడికున్నోళ్ళకు చిన్న గేటు. ఆటోకు గడప ఇయ్య! మొక్కుకుంటె మొక్కుకోండ్రి, తప్పు మాత్రం మొక్కొద్దు!"

వాన తుంపరలో గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. బర్రెల పెద్దమ్మ గేటుకు పోర్తాయ్. కొట్టం తడికకు పోర్తియోఁ. కిరాణం మామ అరుగు మీది కటకటాలకు గ్రీయ్, షట్టరుకు మాత్రం పోనీలెమ్మని పాతదే ఉంచాను. చివరింటి ముసలాయనకు గడియ సరిగా పడదు, అయినా ఆయన గడియకు వెరూ. ప్రతిచోటా విసుక్కుంటూ, గట్టిగా చదువుతూ, గొంతులోంచి గరగరమని 'ర' పలుకుతూ అంటించాను. ఆ గరగర విని వాళ్ళకు నమ్మకం ఇంకా కుదిరింది. అందరూ కాగితాన్ని కళ్ళకద్దుకుంటుంటే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇంటికొచ్చేసరికి పుస్తకం తెరిచే ఓపిక లేదు. రేపటితో నా చదువు అయిపోయిందని అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. వాళ్ళందరినీ తిట్టుకుంటూనే, ఆ నీళ్ళు మాత్రం రానీయకు తండ్రీ అని మొక్కుకున్నాను.

నది గట్టు దాకా వచ్చి ఆగింది. బస్సు నడిచింది. సారు ముందు కూర్చున్నాను. "ఇంటి ముందు పెద్ద గేటు?" అన్నాడు. నాకు పుస్తకం గుర్తు రాలేదు. "ఎవరికీ చెప్పం" అన్న పెద్దమ్మ ముఖం గుర్తొచ్చింది. "లె పోర్తాయ్!" అన్నాను పళ్ళు నూరుతూ. "గడప?" ఆటో అద్దం. "లె సెయ్!" "కటకటాలు?" కిరాణం మామ. "లా గ్రీయ్!" ఆయన అడిగిన ప్రతి ద్వారం ముందూ మా వాడకట్టు మనిషి ఒకరు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఒక్కటీ తప్పలేదు. సారు కళ్ళజోడు తీసి, "బాగుందమ్మా. కానీ తలుపును ఇంతగా తిట్టాల్సిన పని లేదు" అన్నాడు.

ఇంటికెళ్ళి చెబితే నాయన, "గట్లయితె రేపు గూడ బస్సుకు పో" అన్నాడు, అంతే. నాయనమ్మ మాత్రం నీళ్ళు ఆగింది నా కాగితాల వల్లనేనని, నేను పాసైంది వాడకట్టు మొక్కడం వల్లనేనని చెప్పుకుని తిరిగింది. నేను మళ్ళీ కోప్పడ్డాను.

ఇప్పుడు వనపర్తిలో ఉంటున్నాను. నాయనమ్మ లేదు. ఆ గడపకు పసుపు రాస్తున్నది ఇప్పుడు అమ్మ. మొన్న వానల్లో, నాయన నన్ను చూసిపోదామని వచ్చినప్పుడు, బర్రెల పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, నీ కాయితం తడిసి ఊడిపొయ్యింది. గేట్లెత్తిండ్రంట. ఇంకోటి రాసి మీ నాయనతోని పంపియ్యి." నాకు అదే కోపం, అదే వేడి. "పెద్దమ్మా, ఇన్నేండ్లసంది నీకు చెప్తనే ఉన్న, దాంట్ల గేటు అని రాసింది!" అని అరిచాను. "అట్లనే బిడ్డా" అంది.

ఫోన్ పెట్టేసి, విసుక్కుంటూ ఎర్ర స్కెచ్ పెన్ను వెతికి రాశాను. ఫ్రెంచి మొత్తం మరిచిపోయాను, ఆ ఒక్క మాట మాత్రం అక్షరం తప్పకుండా వచ్చింది. ఆరనిచ్చి, మడిచి, నాయనకిచ్చే సంచిలో పెట్టబోతూ ఒక్క క్షణం ఆగాను. చూసుకుంటే, నాకు తెలియకుండానే దాన్ని కళ్ళకద్దుకుని ఉన్నాను.